పాత కారు పొగగొట్టం – తుప్పు పట్టిన అతుకులు

పాత కార్లను ప్రేమతో ఉంచుకొన్న ఇళ్ళు మన పట్టణాలలో ఇంకా అక్కడక్కడ ఉన్నవి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు కారును అనుసరించి హిందుస్థాన్ మోటార్స్ వారు 1957లో తయారుచేయ నారంభించిన అంబాసిడరు, 2014లో ఉత్పత్తి నిలిచిపోయేవరకు పైరూపులో పెద్ద మార్పు లేకుండానే సాగివచ్చింది. కనుక ఆ కార్లలో అన్నిటికంటె చిన్నదానికైనా ఇప్పుడు పదేళ్ళు దాటినవి. బొంబాయిలో తయారైన ఫియట్ల వయస్సు అంతకంటె ఎక్కువ. ఇట్టి కార్లున్నవారు రంగు వేయిస్తారు. సీట్లకు కొత్త గుడ్డ కుట్టిస్తారు. ఇంజను చప్పుడులో ఏమాత్రం తేడా వచ్చినా చెవి ఒగ్గి వింటారు. ఇంజను దగ్గర మొదలై, మనం కూర్చున్న పీట కిందుగా సాగి, వెనుక బంపరు వద్ద తేలే పొగగొట్టాన్ని మాత్రం అది ఊడి రోడ్డు మీద పడేవరకు ఎవరూ చూడరు.

ఈ గొట్టం ఒకే ముక్క కాదు. ఇంజనుకు బిగించి ఉండే పోత ఇనుప భాగాన్ని మానిఫోల్డు అంటారు. దానికి ముందు గొట్టం, ఆ వెనుక సైలెన్సరు, దానికి వెనుక గొట్టం – ఇవి ఒకదానికొకటి అతికి ఉంటవి. కొన్ని అతుకులు పళ్ళెం వంటి అంచులను బోల్టులతో కలిపి బిగించినవి. మరికొన్ని ఒక గొట్టంలోనికి మరొక గొట్టాన్ని దూర్చి, పైన క్లాంపు వేసి బిగించినవి. తుప్పు ముందుగా పట్టుకొనేది ఈ అతుకులనే. అతుకు వదులైనప్పుడు సామాన్యంగా మనం గుర్తించేది చప్పుడును. చప్పుడు ఇరుగుపొరుగువారికి ఇబ్బందే. కాని చప్పుడు బయటకు వచ్చే చోటునుంచే పొగ కూడా వస్తుందన్న సంగతి మరచిపోతాము. అసలు భయపడవలసినది దానిని గురించి.

పెట్రోలు పూర్తిగా కాలితే బొగ్గుపులుసు వాయువు, నీటిఆవిరి మిగులుతవి. పాత కార్బురేటరు ఇంజనులలో అది ఎన్నడూ పూర్తిగా కాలదు. అరకొరగా కాలినప్పుడు పుట్టేది కార్బన్ మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు. మనకు తగిలే పొగవాసన తక్కిన పదార్థాలది. అది లేనంత మాత్రాన ఇది లేదనుకోవడానికి వీలులేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును పట్టుకొనేదానికంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా దీనిని పట్టుకొంటుంది. పట్టుకొన్న తరువాత తొందరగా విడువదు. గాలిలో ఇది నూటికి ఒక పాలు ఉంటే కొద్ది నిమిషాలలోనే ప్రాణం మీదికి వస్తుంది. మన దేశంలో కాలుష్య పరీక్షకు వచ్చే పాత పెట్రోలు కార్ల పొగలో నూటికి మూడు పాళ్ళవరకు దీనిని అనుమతించారు. అంటే పరీక్షలో నెగ్గిన కారు పొగ కూడా గదిలోనికి వచ్చిందంటే విషమే. డీజిలు బండ్ల పొగలో ఇది తక్కువ. అయినా ఆ పొగను ఇంటిల్లిపాదీ పీల్చవలసిన అవసరమేమీ లేదు.

గొట్టం నేల పలక కిందినుంచి పోతున్నది. పాత కారు నేల పలకలో రబ్బరు బిరడాలు ఊడిన రంధ్రాలు, తుప్పు తిన్న చిల్లులు, గేరు కడ్డీ చుట్టూ చిరిగిన తొడుగు ఉండనే ఉంటవి. అదీగాక కదిలే కారు వెనుక గాలి ఒత్తిడి తగ్గి, పొగ వెనుకనే సుడి తిరుగుతూ ఉంటుంది. సామాను పట్టక డిక్కీ తలుపు సగం తెరచి తాడుతో కట్టి ప్రయాణం చేస్తే ఆ పొగ లోపలికి పీల్చబడుతుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలు పొగను కిందికి గాని, ఎడమ ప్రక్కకు గాని వదలరాదన్నవి. ఎడమ ప్రక్కన నడిచి పోయేవారుంటారు గదా! కారు మధ్యలో అతుకు ఊడినప్పుడు పొగ వెలువడేది సరిగా ఆ నిషేధించిన దిక్కుకే – కిందికి.

మన ఇళ్ళలో పిల్లలకు కారులో తల తిరిగినా, వికారం పుట్టినా, చేతికొక నిమ్మకాయ ఇచ్చి వాసన చూడమనడం ఆచారం. ఘాటు రోడ్డు మీద అది న్యాయమే. కాని తిన్నని రోడ్డు మీద, అద్దాలు మూసి పోతూ ఉండగా, పిల్లలకే గాక పెద్దలకూ ఒకేసారి తలనొప్పి, మగత, వికారం వస్తే, దిగి గాలిలో నిలబడగానే తేలికపడితే, అది ప్రయాణపు వికారం కాకపోవచ్చును. వెంటనే కారు ఆపి అందరూ దిగవలె. మగత వదలకపోతే ఆసుపత్రికి తీసుకొనిపోయి ప్రాణవాయువు ఇప్పించవలె. ఇక్కడ ఒక మాట. కరోనా కాలంలో, 2020, 2021 సంవత్సరాలలో, వ్రేలికి తగిలించే ఆక్సీమీటర్లు చాలా ఇళ్ళలోనికి వచ్చినవి. ఈ విషయంలో వాటిని నమ్మరాదు. కార్బన్ మోనాక్సైడు పట్టిన రక్తాన్ని కూడా ఆ చిన్న పరికరం ప్రాణవాయువు పట్టిన రక్తంగానే లెక్కిస్తుంది. మనిషి సోలిపోతూ ఉన్నా అంకె తొంభై యెనిమిది చూపవచ్చును.

ఇక ఈ గొట్టానికే ఇంత తుప్పు ఎందుకు? వానలు, బురద, సముద్రతీర పట్టణాలలో ఉప్పు గాలి – ఇవన్నీ కారణాలే. విశాఖపట్నంలోనో, కాకినాడలోనో ఉన్న కారుకు, అనంతపురంలోని కారుకు ఈ విషయంలో పోలిక లేదు. అయితే బయటి నీటికంటె లోపలి నీరు ఎక్కువ అపకారం చేస్తుందంటే కొందరికి ఆశ్చర్యం కలుగవచ్చును. ఒక లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించుగా ఒక లీటరు నీరు ఆవిరి రూపాన పుడుతుంది! ఇంజను దగ్గర గొట్టం వందల డిగ్రీల వేడిలో ఉంటుంది గనుక ఆవిరి అక్కడ ఆగదు. వెనుకకు పోయినకొద్దీ గొట్టం చల్లబడుతుంది. ఉదయాన పిల్లలను బడిలో దింపి తిరిగివచ్చే మైలు ప్రయాణంలో సైలెన్సరు వేడెక్కనే వేడెక్కదు. ఆవిరి దానిలో నీరై నిలుస్తుంది. పెట్రోలులోని కొద్దిపాటి గంధకం కాలి ఆ నీటిని ఆమ్లంగా మారుస్తుంది. కనుక దూర ప్రయాణాలు చేసే కారు సైలెన్సరుకంటె, కూరగాయల బజారు దాటని కారు సైలెన్సరు ముందుగా తినిపోతుంది. కొన్ని సైలెన్సర్లకు అడుగున చిన్న రంధ్రం తయారీలోనే పెట్టి ఉంటుంది, ఈ నీరు కారిపోవడానికే. అది చూచి చిల్లు పడిందని పూడ్పించరాదు.

ముందువైపు అతుకుల కథ వేరు. అక్కడ నీరు నిలువదు. కాని వేడి వల్ల నట్టు, బోల్టు పైన పొరలు పొరలుగా తుప్పు కడుతుంది. ఇనుము తుప్పుగా మారితే అంతకు ముందుకంటె రెట్టింపుకు మించిన స్థలం ఆక్రమిస్తుంది. మరల సందులలో ఆ స్థలం ఎక్కడిది? అందుచేత తుప్పే మేకు వలె దిగి నట్టును బిగదీస్తుంది. పదేళ్ళ నాటి నట్టు తిరగకపోవడం దాని మొండితనం కాదు, ఇరుకు.

అతుకు పరీక్ష ఇంజను చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట చేయవలె. షెడ్డు తలుపు మూసి ఇంజను నడపడం ఒక్క నిమిషమైనా తగదు. ఇంజను నడుస్తూ ఉండగా ఒకరు మందపాటి తడిగుడ్డను మడిచి, వెనుక గొట్టం నోటికి కొద్ది క్షణాలు అదిమి పట్టవలె. అతుకులన్నీ గట్టిగా ఉంటే ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగబోతుంది. ఏమీ పట్టనట్టు నడుస్తూనే ఉన్నదంటే పొగ మరొక దారిని పోతున్నదన్నమాట. అప్పుడు బానెట్టు ప్రక్కన నిలిచిన రెండవవారికి ‘స్‌స్’ మనే చప్పుడో, టిక్కు టిక్కు మనే చప్పుడో వినిపిస్తుంది. అతుకు చుట్టూ నల్లని మసిచారలుంటే సాక్ష్యానికి అదే చాలును. తరువాత ఇంజను ఆపి, చిన్న సుత్తితో గొట్టం పొడవునా మెల్లగా తట్టి చూడండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. తినిపోయిన ఇనుము కుండపెంకు తట్టినట్లు బొదబొదమంటుంది. అట్టి చోట స్క్రూడ్రైవరు మొన గుచ్చితే దిగిపోయినా ఆశ్చర్యం లేదు.

పనిలోనికి దిగేముందు ఒక సంగతి చెప్పక తప్పదు. జాకీ కారును ఎత్తడానికే గాని మోయడానికి కాదు. జాకీ మీద నిలిచిన కారు కిందికి తల పెట్టినవారు ప్రాణాలు పోగొట్టుకొన్న వార్తలు పత్రికలలో చదువుతూనే ఉంటాము. ఇటుకలు పేర్చడం కూడా పనికిరాదు. ఇటుక బరువుకు చిట్లుతుంది. ఇనుప స్టాండ్లు వేసి, నేలనున్న చక్రాలకు ముందు వెనుకల దిమ్మలు పెట్టి, చేతితో గట్టిగా ఊపి చూచిన తరువాతనే కిందికి పోవలె. కండ్లద్దాలు తప్పవు, పైకి చూస్తూ చేసే పని గనుక రాలే తుప్పు నేరుగా కంటిలోనే పడుతుంది. గొట్టం చల్లారేవరకు ఆగవలెనని వేరే చెప్పనక్కరలేదు.

నట్టు విప్పడంలో బలంకంటె ఓర్పు ముఖ్యం. మొదట తీగ బ్రష్షుతో మరలపైని తుప్పును శుభ్రంగా రాల్చవలె. తరువాత సన్నని నూనె పోయవలె. ఇందుకని అమ్మే నూనెలు డబ్బాలలో దొరుకుతవి. డబ్ల్యూడీ-40 అనేది అందరికీ తెలిసిన పేరు; 1953లో అమెరికాలో రాకెట్ల లోహానికి చెమ్మ తగలకుండా తయారుచేసిన పదార్థమది. తుప్పు వదల్చడానికే ప్రత్యేకించి చేసిన నూనెలు దానికంటె బాగా దిగుతవి. ఏదీ దొరకనిచోట కిరసనాయిలులో కొద్దిగా ఇంజను నూనె కలిపి వాడడం మన మెకానిక్కుల పాత పద్ధతి. ఏ నూనె అయినా పోసిన వెంటనే పానా పట్టితే ప్రయోజనం లేదు. సాయంకాలం పోసి, నట్టు తలమీద సుత్తితో నాలుగు చిన్న దెబ్బలు కొట్టి, రాత్రంతా వదలి, ఉదయం మరల పోయవలె. రెండు మూడు రోజులు ఇట్లు చేసినవారికి సగం పని దానంతటదే అవుతుంది. తొందరపడినవారికి బోల్టు విరుగుతుంది.

పానా సంగతి కూడా ఉన్నది. పాత అంబాసిడర్లలో అంగుళాల కొలత నట్లు ఎక్కువ. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు, దానికి 13 మిల్లీమీటర్ల పానా పడుతుంది, కాని వదులుగా పడుతుంది. తుప్పు తిన్న నట్టు మీద ఆ కొద్ది వదులే చాలును, మూలలన్నీ అరిగి గుండ్రనై కూర్చోవడానికి. సరియైన కొలత గల ఆరు పలకల రింగు పానా గాని, సాకెట్టు గాని వాడవలె. నోరు తెరచిన పానా ఇక్కడ శత్రువు. నట్టును విప్పబోయేముందు అరవీసమంత బిగించే దిక్కుకు త్రిప్పి చూడండి. వింతగా తోచినా, తుప్పు పట్టు తెగేది సాధారణంగా అప్పుడే. కదిలిన తరువాత ఒక్క ఊపున విప్పక, కొంత విప్పి, కొంత బిగించి, మధ్య మధ్య నూనె పోస్తూ రావలె. మరల సందులలోని పొడి బయటకు రావడానికి దారి దొరుకుతుంది.

ఇంతకూ కదలకపోతే వేడి. కాని వేడికి ముందు నూనె పూర్తిగా తుడిచివేయవలె. దగ్గరలో పెట్రోలు గొట్టం, రబ్బరు బుష్షులు ఎక్కడున్నవో చూచుకోవలె. బకెట్టెడు ఇసుక ప్రక్కన ఉంచుకోవలె. గ్యాసు మంట సోకవలసినది నట్టుకు గాని బోల్టుకు కాదు. నట్టు వేడికి వ్యాకోచించి బోల్టు మీద పట్టు వదులుతుంది. కొలిమి పని తెలిసినవారు మరొక ఉపాయం చేస్తారు. వేడి నట్టు అంచుకు మైనపు వత్తి ఆనిస్తే, మైనం కరిగి, దీపపు వత్తిలో నూనె ఎక్కినట్లు, మరల సందులలోనికి తనంతట దిగుతుంది. ఆ తరువాత చాలాసార్లు నట్టు మంచి మాటకే లొంగుతుంది.

వీటన్నిటికీ లొంగని నట్టును పగులగొట్టడమే మేలు. బోల్టులతో బిగించిన అంచుల వద్ద బోల్టు పోయినా నష్టం లేదు, అంగట్లో కొత్తది దొరుకుతుంది. మానిఫోల్డులోనికి దిగి ఉండే స్టడ్డు మాత్రం అట్లు కాదు. అది విరిగితే మిగిలిన మొండెం పోత ఇనుములో ఉండిపోతుంది. సరిగా నడుమ బెజ్జం వేసి, మొండెం తీసి, మరలు తిరిగి కోయవలె. బెజ్జం కొంచెం ప్రక్కకు పోతే మానిఫోల్డే పాడవుతుంది. ఆ పని ఇంటిలో పెట్టుకోక లేతు పనివానికి అప్పగించడం మంచిదని నా అభిప్రాయం.

గొట్టంలో గొట్టం దూరిన అతుకు విడదీయడంలో జనం చేసే పొరపాటు, సైలెన్సరును పట్టుకొని లాగడం. లాగితే రాదు, రబ్బరు వేలాడదీతలు మాత్రం తెగుతవి. క్లాంపు తీసి, అతుకు చుట్టూ సుత్తితో తట్టి, ఇటునటు మెలిత్రిప్పుతూ తీయవలె. అయినా రాకపోతే, రెండింటిలో ఏది పారవేయదలచినారో నిశ్చయించుకోండి. పైగొట్టం పారవేసేదైతే రంపంతో దానిని పొడవునా, లోపలి గొట్టానికి గాటు పడకుండా కోసి, ఉలితో అంచు లేవదీస్తే అరటిదూట పొర వలె విడివస్తుంది. లోపలిది పారవేసేదైతే అతుకుకు ఇవతల అడ్డంగా కోసి, మిగిలిన ముక్కను లోపలికి ముడుచుకొనేట్లు కొట్టి తీయవచ్చును.

పాత అతుకులలో మరొక అపాయం దాగి ఉన్నది. వెనుకటి రోజులలో వేసిన ప్యాకింగులలోను, గొట్టానికి చుట్టిన తాళ్ళలోను ఆస్‌బెస్టాస్ ఉండేది. దాని దూళి ఊపిరితిత్తులకు చేసే హాని ఇప్పుడు లోకమంతా ఎరుగును. పాత ప్యాకింగును పొడిగా గీకరాదు. తడిపి, ముక్కుకు మంచి మాస్కు కట్టుకొని తీసి, సంచిలో మూటగట్టి వేయవలె. ఊదుకొట్టడం బొత్తిగా పనికిరాదు.

చిల్లు పడిన గొట్టానికి పాలడబ్బా రేకు చుట్టి, క్లిప్పులు బిగించి నడిపేవారున్నారు. దారిలో ఊడినప్పుడు, అద్దాలన్నీ దించి, ఇల్లు చేరుకోవడానికి అది అక్కరకు వస్తుంది. దానితో ఏడాది గడపడం మాత్రం సాహసం. కుళాయి కారితే పూసే ఎపాక్సీ ముద్ద ఈ వేడికి నిలువదు. పొగగొట్టాలకని అమ్మే పేస్టు వేడికి గట్టిపడుతుంది. అది అతుకులోని సన్నని సందు మూయడానికే గాని చిల్లు పూడ్చడానికి కాదు. తినిపోయిన భాగాన్ని మంచి ఇనుము తగిలేవరకు కోసివేసి, సరిపోయే గొట్టం ముక్కను తొడిగి అతికించడమే నిలిచే మార్గం. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల పాత గొట్టం నమూనా చూపితే అదే వంపున కొత్తది వంచి ఇచ్చే పనివారుంటారు. సముద్రతీరాన ఉన్నవారు ఖర్చుకు వెరవక స్టెయిన్‌లెస్ ఉక్కు గొట్టం వేయించుకోవడం దీర్ఘకాలంలో చౌక.

వెల్డింగు చేయించేటప్పుడు బ్యాటరీ తీగ విప్పించండి; పెట్రోలు ట్యాంకు వెనుకనే ఉన్నదని పనివానికి గుర్తుచేయండి. వీలైతే గొట్టం విప్పి కారుకు దూరంగా అతికించడమే ఉత్తమం. నీటి పనులకు వాడే జింకు పూత గొట్టం చవక అని తెచ్చి వేస్తామంటే వద్దనండి. ఆ పూత కాలినప్పుడు వచ్చే తెల్లని పొగ పీల్చిన పనివానికి ఆ రాత్రి జ్వరం వస్తుంది.

తిరిగి బిగించడంలో పాత ప్యాకింగును మరల వాడరాదు. మానిఫోల్డు స్టడ్డులకు ఇత్తడి నట్లు వేయించండి. ఇత్తడికి తుప్పు లేదు. ఇనుప మరలను పట్టి కూర్చోదు. మరొకసారి విప్పవలసివస్తే మీరే సంతోషిస్తారు. తక్కిన బోల్టుల మరలకు రాగిపొడి కలిసిన గ్రీజు రాయవలె. మొదట గొట్టాలన్నీ వదులుగా తగిలించి, ఎక్కడా నేల పలకకు గాని, ఇరుసుకు గాని, బ్రేకు గొట్టాలకు గాని తగలకుండా సర్ది, అప్పుడు ఇంజనువైపునుంచి వెనుకకు ఒక్కొక్క అతుకే బిగించుకొంటూ పోవలె. ఒక బోల్టును పూర్తిగా బిగించి రెండవదానికి పోతే అంచు వంకరగా కూర్చుంటుంది. క్లాంపును గొట్టం నొక్కుకుపోయేటంతగా బిగిస్తే ఈసారి అతుకు ఊడదీయడానికి రంపమే గతి.

రబ్బరు వేలాడదీతలు తెగినచోట కట్టుతీగతో బిగించి కట్టే అలవాటు చాలామందికి ఉన్నది. మూడు మీటర్ల ఇనుప గొట్టం మూడువందల డిగ్రీలు వేడెక్కితే ఒక సెంటీమీటరుకు పైగా సాగుతుంది. రబ్బరు ఆ సాగుదలకు, ఇంజను కుదుపుకు చోటిస్తుంది. తీగ ఇవ్వదు. ఆ ఒత్తిడంతా పోయి ఎక్కడ పడుతుందంటే, ఇంత శ్రమపడి బిగించిన ముందు అతుకు మీదనే. రబ్బరు ముక్క ఖరీదు ఎంత!

అంతా అయిన తరువాత ఇంజనును మెల్లగా పది నిమిషాలు నడిపి పేస్టును గట్టిపడనిచ్చి, చల్లారిన పిమ్మట తడిగుడ్డ పరీక్ష మరల చేయండి. నేల పలకలోని రంధ్రాలకు బిరడాలు, గేరు కడ్డీకి కొత్త తొడుగు ఆ రోజే వేయించండి. నూరు, నూట ఏబది కిలోమీటర్లు తిరిగేసరికి వేడికి, చల్లదనానికి అతుకులు సర్దుకొని కొంత వదులవుతవి. కనుక ఆ వారం చివర, ఇంజను చల్లగా ఉన్న ఉదయాన, పానా మరొకసారి ప్రతి నట్టు మీదా వేసి చూడవలె.